నొప్పి ఒకచోట, గండం మరొకచోట

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సేవల విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





వైద్య విభాగం వాళ్లు లేచారంటే ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి కళ్లద్దాలు ఇచ్చాం, డయాలసిస్‌కు ఎంత ఖర్చయింది అనే లెక్కలు చదువుతారని అందరికీ తెలుసు. ఆ లెక్కలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇంటికి వెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు. ఈసారి మేము ఒక్క జబ్బు గురించే మాట్లాడదలచుకున్నాం. షుగరులాగా, బీపీలాగా అది ఇంటింటా ఉండేది కాదు. వచ్చిందంటే మాత్రం రోజులు కాదు, గంటల లెక్క. పైగా అది తన సొంత పేరుతో రాదు. ఒకరికి కడుపునొప్పిగా, ఒకరికి పక్షవాతంగా, ఇంకొకరికి వట్టి గొంతు బొంగురుగా వస్తుంది. చివర్లో మీ దగ్గర ఒక తీర్మానం అడగబోతున్నాం. ఎందుకు అడుగుతున్నామో తెలియాలంటే ముందు ఆ జబ్బు సంగతి కాస్త ఓపిగ్గా వినాలి.

గుండె నుంచి బయల్దేరే అన్నిటికన్నా పెద్ద రక్తనాళం పేరు అయోర్టా. స్కూల్లో బృహద్ధమని అని చదువుకున్నాం. గుండె నుంచి పైకి లేచి, చేతికర్ర పిడిలా వంపు తిరిగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలై రెండు కాళ్లకూ పోతుంది. ఛాతీలో దాని వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు, పొట్టలో సుమారు 2. మెదడుకు, చేతులకు, వెన్నుపాముకు, పేగులకు, కిడ్నీలకు, కాళ్లకు రక్తం అందాలంటే దీని కొమ్మల్లోంచి అందాల్సిందే. ఖురాన్‌లో సూరా అల్ హాఖ్ఖాలో 'వతీన్' అనే మాట వస్తుంది. గుండెను అంటిపెట్టుకుని ఉండే నాళమనీ, అది తెగితే మనిషి బతకడనీ వ్యాఖ్యాతలు దానికి అర్థం చెప్పారు. ఇప్పటి అరబ్బు వైద్యులు అయోర్టాను 'అబ్‌హర్' అంటారు. దుబాయ్, సౌదీ ఆస్పత్రుల్లో పనిచేసే మన పిల్లలకు ఈ మాట తెలిసే ఉంటుంది.

ఈ నాళం గోడకు మూడు పొరలుంటాయి. దీనికి వచ్చే పెద్ద ప్రమాదాలు రెండు. ఒకటి, గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం. దాన్ని ఎన్యూరిజం అంటారు. అది ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా పెరిగి ఒకనాడు పగలొచ్చు. రెండోది, లోపలి పొర చిరిగి రక్తం గోడలోకే దూరడం. దీని పేరు డిసెక్షన్. షేర్వాణీ జేబు లోపల చిరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. వేసిన చిల్లర అస్తరుకూ గుడ్డకూ మధ్యన పడి, జారుకుంటూ కింది అంచుదాకా పోతుంది. జేబు దగ్గర వెతికితే దొరకదు. అయోర్టాలో జరిగేదీ ఇంచుమించు అదే. చిరుగు గుండె దగ్గర ఉంటుంది. గోడలోకి దూరిన రక్తం మాత్రం, గుండె ప్రతి కొట్టుకోడుకీ కొంత చొప్పున, పొరల్ని విడదీసుకుంటూ కిందిదాకా పోతుంది. దారిలో ఏ కొమ్మ మూసుకుపోతే ఆ అవయవం మొత్తుకుంటుంది. మెదడు కొమ్మ మూసుకుంటే మాట పడిపోతుంది. పేగుల కొమ్మ అయితే కడుపునొప్పి. కాలి కొమ్మ అయితే కాలు చల్లబడుతుంది. వెన్నుపాము కొమ్మలైతే నడుము కింద స్పర్శ పోతుంది. గుండె సొంత కొమ్మే మూసుకుంటే ఈసీజీ తీసినప్పుడు అచ్చం గుండెపోటులాగే కనిపిస్తుంది. చిరుగు ఒకటే, అది వేసే వేషాలు మాత్రం అన్ని.

పుస్తకాల్లో రాసే లక్షణం ఒకటుంది. ఛాతీలోనో వీపు మధ్యలోనో ఉన్నట్టుండి, ఎవరో చీల్చినట్టు భరించలేని నొప్పి. ఇది చాలామందిలో నిజమే. అయితే అందరిలోనూ కాదు. ఈ జబ్బు మీద 1996లో ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ మొదలైంది. 2000లో వాళ్లు 464 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అందులో 72 శాతం మందికి ముందునుంచీ బీపీ ఉంది. చేతుల్లోనో కాళ్లలోనో నాడి తేడా దొరికింది 15 శాతం మందిలోనే. ఎక్స్‌రేలో ఏ తేడా కనిపించనివాళ్లు 12 శాతం. అదే రిజిస్ట్రీ నుంచి తర్వాత వచ్చిన వ్యాసాల్లో, స్పృహతప్పి పడిపోయినవాళ్లు 13 శాతమనీ, అసలు నొప్పే లేనివాళ్లు 6 శాతమనీ తేల్చారు. 6 శాతమేగా అనిపించవచ్చు. నూటికి ఆ ఆరుగురు ఎక్కడికి పోతారో ఆలోచించండి. గుండె డాక్టరు దగ్గరికి పోరు. షుగరు తగ్గిందేమోనని పంచదార నీళ్లు తాగి పడుకుంటారు.

మా క్లినిక్‌కు సంబంధించిన మూడు సంగతులు చెబుతాం. పేర్లు చెప్పం. కుటుంబాల అనుమతితోనే చెబుతున్నాం.

మొదటిది పక్క పల్లె మసీదు మౌజన్ సాహెబ్‌ది. అరవై దాటిన మనిషి. ఆయన అజాన్ వింటే ఎవరిదో చెప్పక్కర్లేదు, అంత కంచుకంఠం. ఆ గొంతు కొన్ని నెలలుగా బొంగురుపోయింది. మిరియాల పాలు తాగారు, తులసి ఆకు నమిలారు, ఉప్పునీళ్లు పుక్కిలించారు. అజాన్ ఎక్కువై అరిగిపోయిందని ఒకరు, చల్లటి నీళ్లతో వుజూ చేస్తున్నందుకని ఒకరు. ఆయన దానికి నవ్వి, నలభై ఏళ్లుగా అవే నీళ్లు కదయ్యా అన్నారు. మా శనివారం క్లినిక్‌కు వచ్చే ఈఎన్‌టీ డాక్టరుగారు చిన్న అద్దంతో గొంతులోకి చూస్తే ఎడమ స్వరతంతువు కదలడం లేదు. గొంతులో పుండు లేదు, గడ్డ లేదు. ఆయన వెంటనే ఛాతీ ఎక్స్‌రే రాశారు. గొంతు బాధకు ఛాతీ ఫొటో ఎందుకని మౌజన్ సాహెబ్ కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

సంగతేమిటంటే, ఎడమ స్వరతంతువును కదిలించే నరం మెదడు నుంచి తిన్నగా గొంతులోకి రాదు. ముందు ఛాతీలోకి దిగి, అయోర్టా వంపు కిందుగా చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కి గొంతుకు చేరుతుంది. కుడివైపు నరానికి ఇంత ప్రయాణం లేదు. వంపు దగ్గర అయోర్టా ఉబ్బితే ఆ నరం సాగిపోతుంది, నలిగిపోతుంది. నొప్పి ఉండదు. గొంతు ఒక్కటే పోతుంది. గుండె వైపు నుంచి గొంతు పోయే ఈ రకాన్ని 1897లో వియన్నాలో ఓర్ట్‌నర్ అనే వైద్యుడు వివరించాడు. ఆయన చూసిన రోగులది గుండె కవాటం జబ్బు. తర్వాత అయోర్టా ఉబ్బువల్ల గొంతు పోయినా అదే పేరుతో పిలుస్తున్నారు. మౌజన్ సాహెబ్‌కు స్కాన్ తీస్తే ఉబ్బు పెద్దదే ఉంది. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. అజాన్ ఇప్పుడు కొడుకు ఇస్తున్నాడు, ఆయన మొదటి వరుసలో కూర్చుని రాగం సరిదిద్దుతుంటారట.

మూడు వారాలకు మించి గొంతు బొంగురుగా ఉంటే మిరియాల మీదే ఉండిపోకుండా ఒకసారి గొంతు డాక్టరుకు చూపించండి. చాలామందికి అది అయోర్టా కాదు. వేరే కారణాలు ఉంటాయి, అవీ చూడాల్సినవే.

రెండో సంగతి ఆటో నడుపుకునే సోదరుడిది. ఒక శనివారం అసర్ నమాజు తర్వాత ఆటో దిగుతుంటే భుజాల మధ్య ఒక్కసారి చురుక్కుమంది. తగ్గిపోయింది. కాసేపటికి ఎడమ కాలు తిమ్మిరెక్కి, బరువెక్కి, నేల మీద ఆనలేదు. ఇంట్లోవాళ్లు పక్షవాతమన్నారు. పక్కింటాయన నడుం నరం పట్టిందన్నాడు, పసరు వైద్యానికి తీసుకుపోదామన్నాడు. క్లినిక్ ఇంకా మూయలేదు కనుక ముందు మా దగ్గరికి తెచ్చారు. మా నర్సు అక్క రెండు కాళ్లూ తాకి చూసింది. కుడికాలు వెచ్చగా ఉంది, ఎడమకాలు చల్లగా ఉంది. గజ్జల్లో వేళ్లు పెట్టి చూస్తే కుడివైపు నాడి కొట్టుకుంటోంది, ఎడమవైపు లేదు. పక్షవాతంలో కాలు కదలకపోవచ్చు గానీ నాడి ఆగదు. డాక్టరుగారు అప్పటికప్పుడు అయోర్టా అంతా కనిపించేలా రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ రాశారు.

స్కాన్ సెంటరు డబ్బు ముందు కట్టమంది. కొన్ని వేల రూపాయలు. ఆ ఇంట్లో రోజు కిరాయి తప్ప వేరే రాబడి లేదు. మన సొసైటీ నియమం ప్రకారం వైద్య సాయానికి దరఖాస్తు, రేషను కార్డు నకలు, ఆధార్, ఇద్దరు పదాధికారుల సంతకాలు కావాలి. ముందుగా తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లకు అది చక్కటి నియమమే, మేమే ఎన్నోసార్లు మెచ్చుకున్నాం. శనివారం సాయంత్రం చల్లబడుతున్న కాలికి అది సరిపోదు. ఆటోస్టాండులోని తోటి డ్రైవర్లు, హిందూ ముస్లిం తేడా లేకుండా, ఆ రోజు కిరాయిలు టోపీలో వేసి కట్టారు. స్కాన్‌లో ఎడమచేతి కొమ్మ దాటిన దగ్గర్నుంచి కిందిదాకా చీలిక కనిపించింది. జబ్బు పేరు తేలాక మిగతాదంతా చకచకా జరిగింది. అంబులెన్సులో పంపాం, అక్కడ తొడలోంచి గొట్టం పంపి స్టెంట్ అమర్చారు. కాలు నిలిచింది. ఆటో మళ్లీ నడుపుతున్నాడు, బరువులు మాత్రం ఎత్తొద్దన్నారు.

మూడోది చెప్పడం కష్టం. బట్టలు కుట్టి పిల్లల్ని చదివించుకున్న తల్లి. వయసు యాభై కూడా లేదు. బీపీకి పూటకొకటి చొప్పున మాత్రలు వేసుకునేది. రంజాన్ వచ్చింది, ఉపవాసాల్లో మధ్యాహ్నం మాత్ర మానేసింది, తర్వాత మిగతావీ మానేసింది. ఈద్ తర్వాత ఒళ్లు తేలిగ్గానే ఉందని మళ్లీ మొదలుపెట్టలేదు. ఒకరోజు వంటింట్లో నొప్పి అనకుండా, అమ్మా అనకుండా పడిపోయింది. నీళ్లు చల్లితే లేచింది, ఉపవాసాలకు నీరసించిందనుకుని పడుకోబెట్టారు. గంటన్నరకు మళ్లీ పడిపోయింది. పెద్దాసుపత్రిలో ఎకో తీస్తే గుండె చుట్టూ సంచిలో రక్తం చేరి ఉంది. చీలిక గుండెవైపు పగిలింది. ఆపరేషన్ బల్ల దాకా చేరలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆమె పెద్దమ్మాయి ఈ సభలోనే ఉంది, తనే చెప్పమంది.

ఈ జబ్బు పేదలకూ, తెలియనివాళ్లకూ వచ్చేది మాత్రమే అనుకోవద్దు. ఐన్‌స్టీన్‌ను తీసుకోండి. ఆయనకు పొట్టలోని అయోర్టా ఉబ్బింది. 1948లో న్యూయార్క్‌లో నిస్సెన్ అనే సర్జన్ పొట్ట తెరిచి ఆ ఉబ్బుకు సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. ఆ రోజుల్లో ఉన్న వైద్యం అది. ఏడేళ్లు బతికాడు. 1955 ఏప్రిల్‌లో అది పగిలింది. నొప్పి చూస్తే పిత్తాశయం నొప్పిలా ఉంది. పిత్తాశయం నొప్పిలా కనిపించే అయోర్టా పగులును కొందరు డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అలాగే అరవై దాటిన మనిషికి, ముఖ్యంగా బీడీలు, సిగరెట్లు తాగే మనిషికి, జీవితంలో మొదటిసారి కిడ్నీరాయి నొప్పి వచ్చిందంటే ముందు అయోర్టా చూడాలని డాక్టర్లకు నేర్పుతారు. మన పల్నాడు వేసవిలో కిడ్నీరాళ్లకు కొదవలేదు గనుక ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. దీనికి పెద్ద స్కాన్ కూడా అక్కర్లేదు, పొట్ట మీద పెట్టి చూసే మామూలు అల్ట్రాసౌండ్ చాలు.

ఇక ఈ జబ్బుకు ఆపరేషన్ కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ మైకేల్ డిబేకీ. లెబనాన్ నుంచి అమెరికాకు వలసపోయిన దంపతుల కొడుకు. డిసెక్షన్‌లో రకాలకు ఆయన పేరుతో ఒక వర్గీకరణే ఉంది. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఇంట్లో ఉండగా ఆయనకే ఈ చీలిక వచ్చింది. ముందు గుండెపోటే అనుకున్నాడు. ప్రపంచంలో ఈ జబ్బు ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కించేటంత మంది. 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశారు, కోలుకుని 2008 జులై దాకా బతికాడు. ఆయనకు చుట్టూ డాక్టర్లున్నారు, చేతికందే దూరంలో స్కాన్ ఉంది. జొనాథన్ లార్సన్ అనే న్యూయార్క్ నాటక రచయితకు అలా జరగలేదు. 1996 జనవరిలో ఛాతీనొప్పితో వారంలోపల రెండు ఆస్పత్రులకు పోయాడు. ఒకచోట తిన్నది పడలేదన్నారు, ఇంకోచోట వైరల్ జ్వరమన్నారు. తన సంగీత నాటకం 'రెంట్' మొదటి ప్రదర్శన జరగాల్సిన రోజునే చనిపోయాడు. 35 ఏళ్లు.

మనవైపు దీనికి సరిసమానమైన మాట 'గ్యాస్'. వలీమా భోజనం తిన్నాక ఛాతీలో పట్టేస్తే సోడా, ఈనో, వాము. నూటికి తొంభై సార్లు అది గ్యాసే కావచ్చు, మేము కాదనం. ఉన్నట్టుండి మొదలై మొదటి నిమిషంలోనే పతాకస్థాయికి పోయే నొప్పి గ్యాస్ కాదు. గ్యాస్ మెల్లగా పెరుగుతుంది. నొప్పి చోటు మారుతూ ఛాతీ నుంచి వీపుకు, వీపు నుంచి పొట్టకు దిగితే గ్యాస్ కాదు. నొప్పితో పాటు మాట తడబడినా, కాలో చెయ్యో చల్లబడినా, కళ్లు తిరిగి పడిపోయినా సోడా సీసా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. రెండు చేతుల బీపీలో బాగా తేడా ఉంటే, అంటే 20 పాయింట్లకు మించి ఉంటే, అది డాక్టరుకు తప్పక చెప్పండి. చేతులు రెండున్నా బీపీ ఒక చేతికే చూసే అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

స్కాన్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ జబ్బులో తప్పు మందు ప్రాణం మీదికి తెస్తుంది. గుండెపోటుకూ మెదడులో గడ్డకట్టినప్పుడూ రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షను ఇస్తారు. ఆ జబ్బుల్లో అది ప్రాణదాత. చీలిన అయోర్టా ఉన్నవాడికి అదే ఇస్తే రక్తస్రావం ఆగదు. ఇక్కడ చేయాల్సింది వేరు. గుండె వేగం 60కి, పై బీపీ 120 లోపలికి దించి, చీలిక గుండె దగ్గర ఉంటే వెంటనే ఆపరేషన్ చేయాలి. గుండె దగ్గరి చీలికను వదిలేస్తే మొదటి రెండు రోజుల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని పాత లెక్క. ఇది విని రేపు గుండెపోటు వచ్చినప్పుడు ఇంజెక్షను వద్దని డాక్టరుతో వాదనకు దిగకండి. గుండెపోట్లే ఎన్నో రెట్లు ఎక్కువ, అక్కడా ఆలస్యం ప్రాణం తీస్తుంది. మీరు అడగాల్సింది ఒక్క ప్రశ్న: 'డాక్టరుగారూ, ఇది అయోర్టా అయ్యే వీలుందా?' అంతే. మంచి డాక్టరు దానికి నొచ్చుకోడు.

ఎవరు జాగ్రత్త పడాలి? మొట్టమొదట బీపీ ఉన్నవాళ్లు. రంజాన్‌కు నెల ముందే మీ మాత్రలు తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి. సహరీకో ఇఫ్తార్‌కో ఒక్కసారి వేసుకుంటే రోజంతా పనిచేసే మాత్రలున్నాయి. చాలామందికి ఉపవాసం మానకుండానే సర్దుబాటు కుదురుతుంది. కొన్ని మాత్రలు హఠాత్తుగా ఆపితే బీపీ ముందుకన్నా ఎక్కువ ఎగబాకుతుంది, సొంతంగా ఆపకండి. రెండోది కుటుంబాలు. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు, సన్నటి పొడుగాటి వేళ్లు, బొటనవేలూ చిటికెనవేలూ మణికట్టు చుట్టూ పట్టుకుంటే ఒకదాని మీదికి ఒకటి రావడం, చిన్నతనంలోనే కళ్లలో లెన్స్ జారడం. ఇవి కలిసి ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఇది మేనరికం వల్ల వచ్చేది కాదు. పెళ్లి ఎంత దూరపు సంబంధమైనా వస్తుంది, కనుక కోడలి పుట్టింటిని ఆడిపోసుకోవడం ఆపండి. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లో ఆట మధ్యలో బెంచీ మీద కుప్పకూలి చనిపోయింది. ముందు గుండెపోటన్నారు. శవపరీక్షలో అయోర్టా చీలిక, మార్ఫాన్ తేలాయి. దాంతో ఆమె తమ్ముణ్ని పరీక్షించారు. అతనికీ ఉంది, ఆపరేషన్ చేశారు. ఒక్క ఎకో పరీక్ష ఆ ఇంట్లో రెండో జనాజాను ఆపింది. ఇలాంటి ఆడపిల్లలకు గర్భం రాకముందే ఎకో తప్పనిసరి, కాన్పు సమయంలో చీలిక ప్రమాదం పెరుగుతుంది.

ఇంకో మాట. చిన్నవయసు ఆడపిల్లకు బీపీ ఉందంటే, ఒక చేతి నాడి దొరకడం లేదంటే తకయాసు అనే జబ్బు ఉందేమో చూడాలి. అయోర్టా, దాని కొమ్మల గోడలు వాచి లోపలి దారి సన్నబడే జబ్బు అది. మన దేశంలో లేకపోలేదు. పెళ్లిచూపుల కంగారులో ఈ సంగతులు దాచిపెడతారు. దాస్తే పోదు. అలాగే సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి మాత్రలు విరేచనాలకనీ, మూత్రంలో మంటకనీ మందుల షాపులో అడిగి వేసుకుంటుంటాం. అయోర్టా ఉబ్బు ఉన్నవాళ్లు, మార్ఫాన్ ఉన్నవాళ్లు వేరే మందు ఉంటే వీటికి దూరంగా ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది.

ఇక మా విన్నపం. మన వైద్య నిధిలో పెద్ద భాగం పెద్ద ఆపరేషన్లకు పోతోంది. ఆపరేషన్‌కు సాయం చేశామంటే దాతకూ తృప్తిగా ఉంటుంది, ఫలానా మనిషిని బతికించామని చెప్పుకోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం కూడా ఉంది. నిన్నటి ఆరోగ్యశ్రీ, ఈనాటి ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకంలో చేరాలంటే చాలాసార్లు ముందు జబ్బు పేరు తేలాలి. పేరు తేలాలంటే స్కాన్ కావాలి. ఆ స్కాన్ డబ్బు, అక్కడికి పోయే బండి డబ్బు, ఈ రెండింటి దగ్గరే మన జనం ఆగిపోతున్నారు. లక్షల ఖర్చు దగ్గర కాదు, వేల ఖర్చు దగ్గర.

కనుక అత్యవసర స్కాన్ నిధి అని వేరే ఖాతా తెరవాలని మేము ప్రతిపాదిస్తున్నాం. డాక్టరు చీటీ రాసి సంతకం చేస్తే చాలు, మా విభాగంలో ఒక్కరు ఆ క్షణమే స్కాన్ సెంటరుకు ఫోన్‌పే చేస్తారు. కాగితాలు మూడు రోజుల్లో తెప్పించుకుంటాం. లెక్క నెలనెలా మసీదు నోటీసు బోర్డు మీద పెడతాం.

దీనికి జకాత్ వాడొచ్చా అని చాలామంది అడిగారు. ఉలమాలను కనుక్కునే చెబుతున్నాం. జకాత్ అర్హుడైన పేదవాడి సొంతం కావాలి, అర్హత విచారించాలి. రాత్రి రెండింటికి ఆటోలో పడి ఉన్న మనిషి నిసాబు ఎంతో, సయ్యదు అవునో కాదో విచారిస్తూ కూర్చోలేం. వచ్చినవాడు ముస్లిం కాకపోవచ్చు కూడా, ఆ డ్రైవర్ల టోపీ గుర్తుందిగా. అందుకే ఈ నిధి జకాత్‌తో కాదు, లిల్లాహ్ సొమ్ముతో, నఫిల్ సదకాతో నడవాలి. అది ఎవరికైనా ఇవ్వొచ్చు. జకాత్‌ను విచారణకు సమయం ఉన్నచోట వాడదాం. అర్హులైన బీపీ రోగులకు ఏడాది పొడుగునా మాత్రలు. ఏటా ఒకసారి శిబిరం పెట్టి పది రోజుల మాత్రలిచ్చి ఫొటో దిగడం కన్నా, ఒక మనిషికి పన్నెండు నెలలు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. ఆ కుట్టుపని తల్లికి మాత్రలు కొనడానికి డబ్బు లేక కాదు గానీ, నెలనెలా మాత్రలివ్వడానికి వెళ్లే మనిషి ఉంటే మానేసిందని తెలిసేది.

తీర్మానం ప్రతులు తలుపు దగ్గర ఉన్నాయి. లిల్లాహ్ రసీదు పుస్తకం ఆకుపచ్చది, జకాత్‌ది తెల్లది. దయచేసి కలపకండి. జుహర్ నమాజు తర్వాత వరండాలో మా నర్సు అక్క, ఇద్దరు కుర్రాళ్లు బీపీ మిషన్లతో కూర్చుంటారు. ఆడవాళ్లకు పరదా వెనక వేరే ఏర్పాటు ఉంది. రెండు చేతులకూ చూస్తారు, ఒక చేతికి చూసి లేచిపోకండి. బిగుతు చేతుల షేర్వాణీలు వేసుకొచ్చిన పెద్దలు అది విప్పి రావాలి.